దండెం బిగువు

మొన్న మా కూతురింటికి వెళ్ళాను. మా గుంటా అల్లుడూ లంబసింగి దారిలో కొండవార ఉంటారు. చలి చూడ్డానికొచ్చే జనం కోసం ఇంటి వెనక కొత్తగా గదులు వేసుకున్నారు. ఆ గదుల చోటు కోసం కొండని కాస్త తవ్వారు. తవ్విన చోట మట్టి జారకుండా ఇద్దరూ కలిసి వాళ్ళ చేతుల్తోనే గోడ కట్టుకున్నారు. ఫోన్లో చూసి నేర్చుకున్నారట. నేనింకా కాళ్ళయినా కడుక్కోలేదు, "రా అమ్మా, గోడ చూద్దువు గాని" అని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

నేను గోడ చూడలేదు. గోడకి దిగ్గొట్టిన కొక్కేనికీ వంటింటి స్తంభానికీ మధ్య కట్టిన దండెం చూశాను. దాని మీద తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. దండెం నడుం జారిపోయి, దుప్పట్ల అంచులు కింద ఎర్రమట్టికి రాసుకుంటున్నాయి.

నేను అక్కడే ఆగిపోయాను. 

"ఏటమ్మా, అలా ఆగిపోయావు?"

"ఈ దండెం ఎప్పుడు కట్టావే?"

"గోడ అయిన కొత్తలో."

"అప్పుడు బిగువుగా ఉండేదా?"

"ఏమోనమ్మా, ఎవరు చూశారు? తాడు సాగిపోయుంటాది. దుప్పట్లు తడిస్తే ఎంత బరువో నీకు తెలీదా?"

తెలుసు. తాడు సాగుతుందనీ తెలుసు. తాడు సాగకుండా కూడా దండెం జారుతుందని తెలుసు. నేను దుప్పటి పక్కకి తీసి, తాడుకి వేలు తగిలించి ఒకసారి మీటాను. టంగుమనలేదు. చచ్చిన పాములా ఊగింది. నేనలా మీటడం చూసి మా గుంట నవ్వింది. ఆ మీటడం నాది కాదు. మా పెద్దత్తది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. వేలు మాత్రం నాకిచ్చి పోయింది.

ఆవిడ మా ఆయనకి పెద్దమ్మ, వాళ్ళమ్మకి అప్ప. మా ఆయనకి తల్లి లేదు. పెద్దమ్మే పెంచింది. నాకు అత్తగారంటే ఆవిడే. పేరు చెప్పను. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే కీడు కబురేమోనని గుండె పట్టుకునే మనిషి. పోయాక మాత్రం ఆ పేరు తీసి ఉలిక్కిపడేట్టు చెయ్యడమెందుకు?

మాది హుకుంపేట రోడ్డు మీద సంత ఊరు. ముందర కొట్టు, వెనక ఇల్లు, ఇంటి వెనకే కొండ. నేను కిందనుంచి, చోడవరం వైపునుంచి కోడలిగా వచ్చినదాన్ని. అక్కడ ఎటు చూసినా బల్లపరుపు. అందుకని వచ్చిన రోజు పెరట్లో నిలబడి తలెత్తి, "కొండ ఎంత బాగుందో అత్తా" అన్నాను. ఆవిడ బేగి వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది.

"బాగుందని అనకే. ఇంటాది."

అదే నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట.

కొండకి వీపు పెట్టి కూర్చోవడం ఆవిడ జన్మలో చెయ్యలేదు. గిన్నెలు తోమినా, బియ్యం ఏరినా, తలదువ్వుకున్నా కొండ వైపే ముఖం. చుట్టాలొస్తే వాళ్ళకి వీపు పెట్టి కొండతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేది. వాళ్ళు ఈవిడకి మర్యాద తెలీదనుకునేవారు. చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ ఎత్తి దోపుకునే ఉండేది, ఏ క్షణాన్నయినా పరిగెత్తాలన్నట్టు. చెప్పులు తొడుక్కునే పడుకునేది. నేను కొత్తలో చూసి, "పక్క మీద చెప్పులేటి అత్తా" అంటే, "మట్టొచ్చినపుడు సెప్పులు ఎతుక్కుంతానేటి" అంది. మాట చాలా మామూలుగా అంది. పాలొచ్చినపుడు గిన్నె వెతుక్కుంటానా అన్నట్టు.

వాన మొదలైతే మాత్రం ఇంట్లో ఎవరికీ స్థిమితం ఉండేది కాదు. ఆవిడ నడవలో నిలబడి ఒక్కొక్కరినీ పిలిచేది.

"ఉన్నావా?"

పిలిచినవాళ్ళు వెంటనే "ఉన్నాను" అనాలి. స్నానం చేస్తున్నా అనాలి. నోట్లో ముద్ద ఉన్నా అనాలి. కొట్లో బేరంలో ఉన్న మా ఆయన విసుక్కునేవాడు.

"ఎక్కడికి పోతాను పెద్దమ్మా? ఇక్కడే అఘోరిస్తన్నాను."

"పలుకు సాలు. ఎటకారం ఒద్దు."

సంతకొచ్చిన కొండవాళ్ళు నవ్వుకునేవారు. కొట్టుకి అల్లం, అడ్డాకులు తెచ్చే ఒకామె ఉండేది. మా ఇంటికి ఎగువన, ఓ పక్కగా వాళ్ళ ఇల్లు, చోడి చేలు. ఆమె మా పెద్దత్త ఈడుదే. ఇద్దరికీ క్షణం పడేది కాదు, క్షణం గడిచేదీ కాదు. "ఉన్నానే షావుకారమ్మా, నాను కూడా ఉన్నాను, నన్ను పిలవ్వేటి?" అని వీధిలోంచే అరిచేది.

"నువ్వు ఎక్కడికి పోతావే, కొండముచ్చువి" అనేది మా పెద్దత్త. కానీ ఆ తర్వాత నుంచి వానపడితే ఆమెని కూడా పిలిచేది. పెరట్లోంచి ఎగువకి గొంతెత్తి పిలిచేది. పైనుంచి "ఉన్నానే" అని వినపడేవరకూ లోపలికి వచ్చేది కాదు.

నేను వచ్చిన మొదటి వానాకాలమే నాకు ఆవిడ భయం అంటుకుంది. ఇంటి కోసం కొండని నిలువుగా కోసేశారు, ఆ కోసిన మొహం వాన తగిలితే ఊడి పడేది. పొద్దున్న లేచి తలుపు తీస్తే వంటింటి మెట్టు వరకూ ఎర్ర బురద. తట్టలతో ఎత్తి పారబోసేవాళ్ళం. మర్నాటికి మళ్ళీ అంతే. ఒక పొద్దున్న తలుపు తీస్తే రుబ్బురోలు పక్కన దూడంత బండ కూర్చుని ఉంది. చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఎవరో చుట్టం పొద్దున్నే వచ్చి, మనల్ని లేపడం ఎందుకని కూర్చున్నట్టుంది.

ఆవిడ ఆ బండని చూసి ఏడవలేదు, అరవలేదు. దాని మీద అరచెయ్యి పెట్టింది. పిల్లలకి జ్వరం చూసినట్టు చూసింది.

"కుక్కయితే మొరుగుతాది. పామైనా బుస్సుమంతాది. కొండ మాత్రం సెప్పకుండా వత్తాది" అంది. తర్వాత లోపలికి తిరిగి, "ఒరే, గోడ కట్టకపోతే నాను ఈ ఇంట్లో మెతుకు ముట్టను" అంది.

తాపీమేస్త్రి దొరకలేదు. కింద ఊళ్ళ మేస్త్రులకి పైకి రావాలంటే జ్వరాల భయం. ఎండలు ముదిరాక మేమే మొదలుపెట్టాం. మా ఆయన పునాది తవ్వాడు. నేను గెడ్డలోంచి ఇసక తట్టలతో మోశాను. రాళ్ళు ఎంచేది మాత్రం ఆవిడే. గెడ్డలో మోకాలి లోతు నీళ్ళలో వంగి ఒక్కో రాయినీ చిన్న రాయితో కొట్టి వినేది. టక్కుమంటే ఒడ్డుకి, థప్పుమంటే నీళ్ళలోకి. మోస్తూ మోస్తూ మధ్యలో ఆగి ఎడం చేత్తో నడుం పట్టుకుని కొండ వైపు చూసేది. "కడతన్నాం. కాసుకో" అనేది, పక్కింటివాళ్ళకి సరిహద్దు తగువు చెప్పినట్టు.

ఎగువింటామె గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూసేది. వాళ్ళ చేలకి కూడా రాతి గట్లున్నాయి. సిమెంటు లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చి కొంచెం కొండ మీదకి వాల్చి వదిలేస్తారు. రాళ్ళ సందుల్లో గడ్డి, పొదలు. వాన పడితే గట్టంతా కారుతూ ఉంటుంది.

"అలగ పేర్చుకుంటే సాలదేటి షావుకారమ్మా?" అందామె ఒకరోజు.

"అది గోడంటావా? పళ్ళూడిన నోరులా ఉంది. అన్నీ సందులే."

"నోరుంటేనే కదా కూడు తినీది, ఉమ్మీది."

"నా గోడకి నోరు ఒద్దు. నోరు మూసుకుని పడుంతాది."

కిందివాళ్ళకి గోడంటే అదే. మా చోడవరంలోనూ అంతే. గోడంటే నున్నగా పూత పెట్టి, సున్నం వేసి, కింద ఎర్ర పట్టీ తీర్చితేనే గోడ. గోడకి సందులుంటే ఇంటివాళ్ళకి చేతకాలేదని లెక్క. నాకు కూడా ఆ రోజు ఆవిడ మాటే సబబనిపించింది.

గోడ నడుం ఎత్తు లేచిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరం నీడలో కూర్చున్నాం. సిమెంటు తిని ఆవిడ వేళ్ళు పగిలిపోయాయి. కొబ్బరినూనె రాస్తున్నాను. "ఇంత భయమేటత్తా నీకు" అన్నాను. ఊరికే అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కొండ వైపు చూస్తూ చెప్పింది.

"సీలేరు కాడ మా అయ్యకి టీ కొట్టు. వాన పడతంది. మా సెల్లి వెనక పాకలో పొయ్యి రాజేత్తంది. నాను ముందర గళాసులు కడుగుతన్నాను, ఈడు నా సంకలో ఉన్నాడు. సద్దు అవలేదే. ఎలుతురు తగ్గినట్టయినాది. తిరిగి సూత్తే పాక నేదు. ఎర్రమట్టి ఉంది. ఉన్నావా సెల్లీ అన్నాను. ఉన్నానప్పా అంది. మట్టిలోంచి అంది. ఈణ్ణి కింద పడీసి సేతుల్తో తవ్వుతన్నాను. మల్లీ ఉన్నావా అన్నాను."

అక్కడితో ఆగింది. నేను నూనె సీసా మూత పెట్టడం మరచిపోయాను.

"పలకనేదు" అంది.

ఆ సెల్లి మా ఆయన తల్లి. తల్లి రోగంతో పోయిందని మా ఆయనకి చెప్పి పెంచింది. ఆ రోజు నుంచి ఆవిడ "ఉన్నావా" అంటే నేను ఇంట్లో ఏ మూలనున్నా గట్టిగా పలికేదాన్ని.

గోడ అయింది. నా తలకి మించి లేచింది. ఆవిడే చేత్తో పూత పూసింది. ఎక్కడ గుల్లగా కనపడితే అక్కడ సిమెంటు మాలు కూరింది. సున్నం వేసి, ఎర్ర పట్టీ వేసి, నా చేత తెల్ల ముగ్గులు పెట్టించింది. మా ఆయన గోడకి కొక్కెం దిగ్గొట్టి వంటింటి స్తంభానికి ఇనప తీగ లాగి దండెం కట్టాడు. ఆవిడ వేలితో మీటి చూసింది. టంగుమంది. ఆ సాయంత్రం ఆవిడ చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టింది. ఖాళీ కాళ్ళతో పడుకుంది. ఆ పాదాలు చూస్తే నాకు చంటిపిల్ల పాదాలు చూసినట్టనిపించింది.

ఒక వానాకాలం బాగా గడిచింది. మట్టి ఊడిపడలేదు. రెండో వానాకాలం గోడ అడుగున అక్కడక్కడ చెమ్మ తేలింది. చెమ్మ చోట చిన్న బుగ్గలా నీరు ఊరేది. ఆవిడ పాత చీర చింపి పేలికలు చేసి ఆ బుగ్గల్లో కూరి పైన సిమెంటు మెత్తేది. ఒక చోట మూస్తే ఇంకో చోట ఊరేది. రోజూ అదే పని. "సొరబడతంది, దొంగముండ" అనేది నీటిని. ఎగువింటామె చూసి పకపకా నవ్వింది.

"కొండకి ఉచ్చ బిగించీసినావే షావుకారమ్మా. అదెక్కడికి పోతాది పాపం?"

"నీ నోట్లో పోత్తాది. పోవే."

ఆ రోజుల్లోనే మా గుంట పుట్టింది. వంటింటి పక్క వెనక గదిలో మంచం వేశారు నాకు. కిటికీలోంచి గోడ, దండెం, దండెం మీద బొంతలు కనపడుతూ ఉండేవి. పడుకుని చూడ్డం తప్ప పనేముంది? ఒకరోజు బొంతల అంచులు గోడ మీది ఎర్ర పట్టీకి పైన ఉన్నట్టనిపించింది. కొన్నాళ్ళకి పట్టీ దగ్గరకొచ్చాయి. "దండెం జారినట్టుందత్తా" అన్నాను. ఆవిడ వెళ్ళి తీగ విప్పి బిగించి కట్టింది. తర్వాత అల్పపీడనం పట్టి వానలు ముసురుకున్నాయి. మళ్ళీ జారింది. మళ్ళీ బిగించింది. మూడోసారి తీగ విప్పబోయి ఆగిపోయింది. చేతిలో తీగ అలాగే ఉంది. తల తిప్పి స్తంభం చూసింది. తర్వాత గోడ చూసింది.

ఇనప తీగ సాగదు. స్తంభం కదల్లేదు.

ఆవిడ మెల్లగా గోడ దగ్గరకెళ్ళి చెంప ఆనించి, దాని వెంబడి చూసింది. అక్కణ్ణుంచి వెనక్కి అడుగులు వేసుకుంటూ వచ్చింది. వీపు తిప్పకుండా వచ్చి కిటికీ దగ్గర ఆగి, కేకేస్తే ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"గోడ మన కాడికి వత్తంది."

నేను మంచం మీంచి చూశాను. తెలియక ముందు కనపడనిది తెలిశాక ఒక్కసారిగా కనపడింది. మధ్యలో గోడ కడుపుతో ఉన్న మనిషిలా ముందుకొచ్చింది. పూత బీటలిచ్చి, నేను పెట్టిన ముగ్గు గీతలు విడిపోయాయి. నా పక్కలో గుంట పాలు తాగుతోంది.

మా ఆయన సరుకుకి కిందకెళ్ళి ఉన్నాడు. తుఫాను పట్టింది, ఘాటీ రోడ్డు మీద చెట్లూ మట్టీ పడి బస్సులు ఆగిపోయాయని కబురొచ్చింది. కరెంటు లేదు. ఫోను పలకడం లేదు. ఆవిడా నేనూ పొత్తిళ్ళలో గుంటా. పట్టపగలే దీపాలవేళలా ఉంది.

ఆవిడ గోడ అడుగున చేరి బుగ్గలు మూస్తోంది. చేతనైన పని అదే మరి. ఒక బుగ్గలో పేలిక కూరింది. కూరిన పేలికని నీరు వెనక్కి తన్నింది. అది ఆవిడ రొమ్ముకి తగిలి కింద పడింది. మళ్ళీ కూరింది, ఈసారి బొటనవేలితో నొక్కిపట్టింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆవిడ ఇక్కడ నొక్కితే పైన, నిలువెత్తున, పూత పూరీలా ఉబ్బింది. వేలు తీసింది. ఉబ్బు ఆగింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఉబ్బింది.

ఆవిడ లేచి నిలబడి ఎగువింటి గట్టు వైపు చూసింది. ఆ పళ్ళూడిన గట్టు ఒళ్ళంతా కారుతోంది, నిలబడి ఉంది.

ఆవిడ ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. భయం పోలేదు. ఇంకా పెరిగింది. పెరిగి పెరిగి, ఇక పెరగడానికి చోటు లేనట్టయింది.

"గుంటనెత్తుకో. రోడ్డవతల బడి వసారాలోకి పోయి నిలబడు. బేగి."

"నువ్వో?"

"ఇది ఊరికే పడదే. కొండనట్టుకుని పడతాది. మూసింది నాను. తియ్యాల్సింది నాను."

"వద్దత్తా. పోతే ఇల్లే పోద్ది, రా."

"నా సెల్లిని కొండ మింగింది. నా గుంటల్ని నాను కట్టిన గోడ మింగాలేటి? గడప ఇవతల కాలెడితే ఇరగ్గొడతాను. పో."

జన్మలో మమ్మల్ని కంటి చాటుకి పోనివ్వని మనిషి తరిమింది. నేను గుంటని కొంగులో చుట్టుకుని కొట్టులోంచి రోడ్డు దాటాను. బడి వసారాలో ఎగువింటామె అప్పటికే మేకలతో చేరి ఉంది. గుంటని ఆమె చేతుల్లో పెట్టాను. "ఎక్కడికే బాలింతరాలివి" అంటూనే ఉంది, నేను వెనక్కి వచ్చి కొట్టు గుమ్మంలో నిలబడ్డాను. ఇంటి నడవ పొడుగునా చీకటి. ఆ చివర వెనక గుమ్మంలో వాన తెల్లగా కనపడుతోంది. ఆవిడ కనపడటం లేదు. గునపం దెబ్బ వినపడింది.

"పెద్దత్తా, ఉన్నావా?"

ఆవిడ పలకలేదు. గునపం పలికింది. రాయికి తగిలి ఠంగుమంది. మళ్ళీ పిలిచాను. మళ్ళీ గునపమే పలికింది. ఆవిడ గోడ కడుపు కిందనే నిలబడి, తన చేత్తో కూరిన పేలికలు పీకి, ఆ కన్నాల్లో గునపం దించి పొడుస్తోందని నాకు తెలుస్తోంది. ఆవిడ వీపు ఎటు ఉందో కూడా తెలుస్తోంది. మా వైపు. ముఖం కొండ వైపు.

ఆ తర్వాత గునపం ఆగింది.

"ఉన్నావా?"

వాన తప్ప ఏమీ లేదు.

"అత్తా, ఉన్నావా?"

అప్పుడొచ్చింది శబ్దం. బస్తాలు దొర్లించినట్టు. నా పాదాల కింద గడప వణికింది. నడవలోంచి ఎర్ర నీళ్ళు నా కాళ్ళ మీదకి వచ్చాయి, చల్లగా, వేగంగా, పేలికలు మోసుకుంటూ. ఆ పేలికల్లో ఆవిడ పాత నీలం చీర అంచు చూశాను.  సీలేరులో రెండోసారి పిలిచాక ఆవిడకి జరిగింది నాకు జరుగుతోందనుకున్నాను. మళ్ళీ పిలవడానికి భయమేసింది. పిలవకపోతే, పలకలేదని తెలియదు కదా.

పిలవలేదు. నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళాను.

వెనక గుమ్మం పక్కన, ఆ చుట్టంలా వచ్చిన బండ మీద కూర్చుని ఉందావిడ. ఒళ్ళంతా ఎర్రమట్టి, కళ్ళు మాత్రం తెల్లగా. గునపం ఒళ్ళో ఉంది. గోడ ఎగువ మూల కూలి స్నానాల తడికని కప్పేసింది. మిగతా గోడ వంకరగా నిలబడే ఉంది. దాని అడుగునుంచి ఏనుగు తొండాల్లా నీళ్ళు చిమ్ముతున్నాయి.

"పిలిత్తే పలకవేటత్తా?"

"ఊపిరి నేదే. పలకడానికి ఊపిరుండొద్దేటి?"

పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.   నీళ్ళు ఎర్రగా పోతున్నాయి, పోతూనే ఉన్నాయి.

"ఇది ఎంతసేపు కారుతాదత్తా?"

"కారనీ. కారినంతసేపూ మనమున్నాం. ఆగితే అప్పుడు పరిగెట్టు."

రోడ్డు బాగయ్యి మా ఆయన వచ్చాక గోడ చూసి తల పట్టుకున్నాడు. "కట్టినదీ నువ్వే, కూల్చినదీ నువ్వేనా పెద్దమ్మా" అన్నాడు. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే, "నీలాగ సూత్తూ కూసోమంటావేటి" అంది. ఇంకేం చెప్పలేదు. కూలిన మూల మాత్రం మళ్ళీ సిమెంటుతో కట్టనివ్వలేదు. ఎగువింటామెని పిలిచి రాయి మీద రాయి పేర్పించింది. గోడకి మిగతా చోట్ల కన్నాల్లో గొట్టం ముక్కలు పెట్టించింది. ఎగువింటామె చుట్ట నోట్లో పెట్టుకుని, "ఏటే షావుకారమ్మా, నీ గోడకీ పళ్ళూడిపోనాయి" అంది.

"నాకూ ఊడినాయిలే. ఈడుకి తగ్గట్టుంది" అంది మా పెద్దత్త. ఆవిడ నవ్వగా చూడ్డం నాకు అదే మొదలు.

కానీ భయం తగ్గిందనుకోకండి. చెప్పులు మళ్ళీ పక్క మీదకొచ్చాయి. వానలకి ముందు ఒక చీపురు పుల్లల కట్ట పట్టుకుని గొట్టాలన్నీ పొడిచేది. ఎండల్లో కందిరీగలు గూళ్ళు పెడతాయి వాటిలో. "ఏటి సేత్తన్నావత్తా" అంటే, "గోడ సెవిలో గుబిలి తీత్తన్నాను" అనేది. పొద్దున్న లేస్తే ముఖం కడుక్కోక ముందే దండెం మీటేది. టంగుమంటే పొయ్యి రాజెయ్యమని తలూపేది. మా గుంట నడక నేర్చాక ఆవిడ వెనకే పోయి, అందని దండేనికి వేలెత్తి గాల్లో మీటేది.

ఎండల్లో పోయిందావిడ. ఆకాశంలో మబ్బు తునక లేని రోజుల్లో, మంచం పట్టి, నిమ్మళంగా. కొండ ఏమీ చెయ్యలేదు. ఆఖర్న మాట సన్నబడిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. చెవి దగ్గర పెట్టాను.

"దండెం?"

"బిగువుగా ఉందత్తా."

నమ్మలేదు. చూపుడు వేలు కొంచెం ఎత్తి గాల్లో మీటింది. టంగుమన్నట్టు నేను తలూపాను. అప్పుడు కళ్ళు మూసుకుంది. ఆవిడ కాళ్ళకి చెప్పులున్నాయి. తియ్యడానికి మాకెవరికీ మనసొప్పలేదు.

మొన్న లంబసింగి దారిలో, మా గుంట పెరట్లో నిలబడి ఇదంతా చెప్పాను. అది సగం విని సగం నవ్వింది. వాళ్ళ గోడ అద్దంలా నున్నగా ఉంది, దాని మీద పువ్వుల బొమ్మలు వేయించారు. "నీళ్ళకి దారేదే" అని అడిగితే, "కన్నాలు పెడితే పాములొస్తాయమ్మా, గదుల్లో జనం భయపడతారు" అంది. అల్లుడు మాత్రం నవ్వలేదు. దండెం దగ్గరకెళ్ళి, గోడ వెంబడి చెంప ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను ఆ పిల్లాడి ముఖం చూడలేక లోపలికొచ్చేశాను. బస్సెక్కేటప్పుడు, "మిషను తెచ్చి కన్నాలు వేస్తానత్తా" అన్నాడు.

వేశాడో లేదో తెలీదు. నిన్నటినుంచి ఇక్కడ వాన. టీవీలో అల్పపీడనం అంటున్నారు. పొద్దున్న లేచి మా దండెం మీటాను, టంగుమంది.  మా గుంటకి ఫోను చేస్తే పోదు. చేస్తూ చేస్తూ ఉంటే మధ్యాహ్నానికి అదే చేసింది.

"అమ్మా, ఉన్నావా?"

సిగ్నలు సరిగా లేక అలా అంది. నేను మాత్రం మా పెద్దత్తకి పలికినట్టే గట్టిగా పలికాను.

"ఉన్నానే. గోడో?"

"ఆయన కన్నాలు వేసారమ్మా. ఎర్రగా వచ్చేస్తన్నాయి నీళ్ళు. గదుల్లో జనాన్ని పంపీసాం. నాకు భయమేస్తంది."

"భయపడు. తప్పు లేదు. అది కారినంతసేపూ మీరున్నట్టే. ఆగితే మాత్రం గుడ్డ ముక్కైనా తీసుకోవద్దు, రోడ్డు మీదకొచ్చీండి. విన్నావా?"

పలకలేదు.

"ఉన్నావా?"

గరగరమని ఏదో చప్పుడు, తర్వాత అదీ లేదు. ఫోను కట్టయిందేమో అని చూస్తే కట్టవలేదు. మళ్ళీ పిలవడానికి నోరు రాలేదు. అలా నిలబడి ఉండగా మెల్లగా వినిపించింది నీళ్ళ చప్పుడు. తన మాటలు నాకు అందడం లేదని తెలిసి మా గుంట ఫోను గోడ దగ్గర పెట్టినట్టుంది. ధారలు ధారలుగా, రాళ్ళ మీద పడుతున్న చప్పుడు.

ఒక చెయ్యి మా దండెం మీద వేసి, రెండో చేత్తో ఫోను చెవికి నొక్కిపట్టుకుని, ఆ చప్పుడు ఆగకూడదని వింటూ నిలబడ్డాను.